అరవై శాతం తగ్గింపు... ఆరు గజాల ఆలోచన!

మా జిల్లా పేరు ఎన్టీఆర్. మా ఊరి పేరు జగ్గయ్యపేట. సినిమా అభిమానులకు ఇంతకంటే ఇంకేం కావాలి చెప్పండి! 2022 ఏప్రిల్ 4న కృష్ణాజిల్లాను విడదీసినప్పుడు మా మెట్ట ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇక ఊరి సంగతి. బయటినుంచి వచ్చిన కుర్రకారు "నటుడు జగ్గయ్యగారు మీ ఊరివారేనా?" అని అడుగుతూనే ఉంటారు. కాదండీ బాబూ! ఆ కంచుకంఠం జగ్గయ్యగారిది తెనాలి దగ్గర మోరంపూడి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తన తండ్రి పేరు నిలవాలని మా ఊరికి ఈ పేరు పెట్టారు.

ఈ గొడవంతా ఎందుకంటారా? సినిమా పేర్ల మధ్య పుట్టినంత మాత్రాన సినిమా బట్టలు మనకు నప్పవని చెప్పడానికి. ఈ చిన్న ముక్క నేర్చుకోవడానికి నాకు అక్షరాలా పదమూడు వందలు ఖర్చయింది.

2024 ఆషాఢంలో కొన్నానా చీర. "రెండువేల ఆరొందలది పదమూడొందలకే!" అన్నారు. నెమలికంఠం రంగు, ఒళ్ళంతా చమ్కీ. దుకాణంలో లైట్ల కింద అటు తిప్పితే నీలం, ఇటు తిప్పితే ఆకుపచ్చ. ఏదో డ్యూయెట్‌లో హీరోయిన్ మంచుకొండల మీద ఎగరేసిన పమిట గుర్తొచ్చింది. ఇంకేముంది, కొనేశాను. శ్రావణ శుక్రవారం నాడు కట్టుకుని పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి బయల్దేరాను. బస్సులో మంచుకొండ ఎక్కడిది? వాన పడీ పడక ఉక్క. చీర ఒంటికి అతుక్కుపోయింది. చమ్కీలు మెడ మీద గీరుకుపోయాయి. గుడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి నా మొహం చూసి ఒకావిడ "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని మంచినీళ్ళిచ్చింది. ఇంటికొచ్చి తడిపితే రంగు జాకెట్టుకు దిగింది, జాకెట్టునుంచి నాకు దిగింది. ఆ దుకాణం పేరు నేను చెప్పను. తప్పులో సగం వాటా నాదే గదా!

అందుకే 2025 దసరాకు మా అన్నయ్య కూతురు "అత్తా, బట్టలు కొనుక్కోవాలి, తోడు రావా?" అన్నప్పుడు ఎగిరి గంతేశాను. ఇంకొకరి డబ్బుతో నా తెలివి ప్రదర్శించే అవకాశం మరి!

పిల్లకు ఇరవై రెండేళ్ళు. ఆగస్టులోనే నందిగామలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. జీతం తొమ్మిదివేలు. మొదటి నిండు జీతంలో ఐదువేలు వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది, మిరపతోటకు ఎరువుల కోసం. మిగిలిన నాలుగువేలూ తన బట్టలకి. సోమవారం చీర తప్పనిసరి, మిగతా రోజుల్లో చుడీదారు. చేతిలో ఉన్నవి కాలేజీ రోజుల రెండు లెగ్గింగులు, రంగు వెలిసిన నాలుగు కుర్తీలు. ఈ నాలుగువేలు తప్పు చోట పడితే మళ్ళీ సంక్రాంతి దాకా అవే గతి. ఎవరో శ్రీమంతుల అమ్మాయికి ఇదో కాలక్షేపం కావచ్చు గానీ, మా పిల్లకు మాత్రం పరీక్షే.

మొదటిరోజు సాయంత్రం జగ్గయ్యపేట బజారుకు వెళ్ళాం. దుకాణాల ముందు పెద్ద పెద్ద బ్యానర్లు, మైకులు. ఇదివరకు తగ్గింపులంటే ఆషాఢమే. ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు, బట్టలు కదలవు, శ్రావణానికి కొత్త సరుకు దిగాలి. అందుకని పాతది వదిలించుకునేవారు. ఇప్పుడు దసరా, దీపావళి, సంక్రాంతి అన్నీ తగ్గింపులే. పైగా ఈ దసరాకు ఇంకో విశేషం కలిసింది. కుట్టిన బట్టల మీద ఇదివరకు వెయ్యి రూపాయలలోపు ధరకు 5 శాతం, ఆ పైన 12 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా 5 శాతమే చేశారు. అది దాటితే మాత్రం 18 శాతం! కనుక మూడువేల డ్రస్సుకు "పన్ను తగ్గిందమ్మా" అని ఎవరైనా అంటే బిల్లు ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

ఒక బ్యానరు మీద "50% + 20%" అని ఉంది. "డెబ్భై శాతం తగ్గింపు అత్తా!" అంది పిల్ల. లెక్కల టీచరు కాదులెండి, ఒకటో తరగతికి తెలుగు చెబుతుంది. వెయ్యి రూపాయల చీరకు ముందు సగం పోతే ఐదొందలు. ఆ ఐదొందల్లో ఇరవై శాతం, అంటే వంద తీస్తే నాలుగొందలు. తగ్గింది అరవై శాతమే. అరవై మాత్రం తక్కువా అంటారేమో! అసలా చీర వెయ్యి రూపాయలదని ఎవరు చెప్పారు? చీటీ అంటించినాయనే గదా చెప్పాడు. చీటీ మీద కొట్టేసిన అంకెను చూడకండి. మిగిలిన అంకెకు ఆ గుడ్డ చేస్తుందా లేదా, అంతే చూడండి.

లోపలికి వెళ్ళగానే మా పిల్ల కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. బొమ్మకు కట్టిన జార్జెట్ చీర. వంకాయ రంగు మీద వెండి మెరుపులు. "అచ్చం పాటలో హీరోయిన్ కట్టినట్టే ఉంది!" తగ్గింపు పోను రెండువేల నాలుగొందలు. సేల్స్ కుర్రాడు దాన్ని భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టాడు. నిజం చెప్పొద్దూ, పిల్ల మెరిసిపోయింది! నా గుండె కూడా ఒక్క క్షణం కరిగింది. ఇరవై రెండేళ్ళకు మెరవకపోతే ఎప్పుడు మెరుస్తారు?

"ఎన్నిసార్లు కడతావే?" అన్నాను మెల్లిగా.

"ఫ్రెండు పెళ్ళికి కడతా. ఫొటోలు పెట్టాక మళ్ళీ అదే కట్టలేం గదా అత్తా..."

చూశారా! చీర రెండువేల నాలుగొందలు. దానికి తగ్గ వర్కు జాకెట్టు, లైనింగు, ఫాలు, లంగా కలిపి ఇంకో ఆరొందలు తక్కువ కాదు. నాలుగువేలల్లో మూడువేలు ఒక్క సాయంత్రానికి! సోమవారం పొద్దున్న ఏడింటికి బస్సెక్కేటప్పుడు ఏం కట్టుకుంటుంది?

మా ఊరి చరిత్రలో ఒక చక్రవర్తి ఉన్నాడు. ధనంబోడు అనే గుట్ట మీది బౌద్ధస్తూపంలో దొరికిన సున్నపురాతి పలక మీద చెక్కి ఉన్నాడు. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆయన చెయ్యి పైకెత్తితే మేఘాల్లోంచి నాణేల వాన కురుస్తోంది! ఆయన మాంధాత అని పండితులు చెబుతారు. అంత వాన కురిసినా ఆయనకు తృప్తి లేకపోయిందట, దేవేంద్రుడి సింహాసనం కూడా పూర్తిగా కావాలనుకుని కింద పడ్డాడట. ఆ కథ చెబితే మా పిల్ల "నాకు ఇంద్రుడి సింహాసనం వద్దత్తా, ఈ చీర చాలు" అంది. ఏం జవాబు చెప్పను? "మా ఇంట్లో నెమలికంఠం చీరొకటి దిక్కులేక పడి ఉంది. ఏసీ ఫంక్షన్ హాల్లో నాలుగు గంటలు అదేం చెయ్యదు. పెళ్ళికి అది కట్టుకో" అన్నాను. బేరం కుదిరింది. నా పదమూడు వందలు సగమైనా గిట్టాయి!

ఇక్కడ మన తారల సంగతి కాస్త చెప్పుకోవాలి. షూటింగులో హీరోయిన్ చీరకు ఎన్ని పిన్నులుంటాయో లెక్కే ఉండదు. షాటు ముగిస్తే ఫ్యాను, పక్కన గొడుగు, చెమట తుడవడానికి మేకప్‌మాన్. ఆ చీర ఉతకాలా, ఆరెయ్యాలా, మళ్ళీ గురువారం కట్టాలా? మన తారల్లో నేల మీద నడిచే బట్టలు కట్టినవాళ్ళు లేకపోలేదు. వాణిశ్రీ చీరకట్టు, కొప్పు చూసి మా అమ్మ తరం అంతా అద్దం ముందు నిలబడ్డవాళ్ళే. 1971లో 'ప్రేమనగర్' వచ్చాక ఆ మోజు ఎంత పెరిగిందో అమ్మ కథలుగా చెబుతుంది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'లో కమలినీ ముఖర్జీ వేసిన సీతామహాలక్ష్మి అసలు బట్టల డిజైనరే. 2018లో 'మహానటి' వచ్చింది. ఆ చిత్రానికి ఉత్తమ నటిగా కీర్తి సురేష్‌కే కాదు, బట్టలు తీర్చిన ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులకు కూడా జాతీయ అవార్డు వచ్చింది. సావిత్రిగారి కోసం గౌరాంగ్ షా వాడినవి మగ్గం మీద నేసిన చీరలు. తెర మీద నేత చీర అందంగా లేదని ఒక్కరన్నారా?

సరే, గుడ్డ దగ్గరికి వద్దాం. మా జగ్గయ్యపేట, నందిగామల్లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. ఆ ఎండకు ఏ గుడ్డ ఆగుతుందన్నది మోజు సంగతి కాదు. నూలు మామూలు గాలిలోనే తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టుకుంటుంది. పాలియెస్టరు అర శాతం కూడా పట్టుకోదు. అంటే మీ చెమట మీ ఒంటి మీదే ఉండాలి! "సిల్కమ్మా" అని వెయ్యి రూపాయలకు ఇచ్చేది సాధారణంగా ఈ పాలియెస్టరే. అనుమానముంటే ఇంటికొచ్చాక కొంగు చివర ఒక్క దారప్పోగు లాగి జాగ్రత్తగా వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలినట్టు కాలి బూడిదవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూస కడుతుంది. రేయాన్ మధ్యరకం. మెత్తగా ఉంటుంది, ఒంటి మీద చక్కగా జారుతుంది, చెమటా పీలుస్తుంది. కానీ తడిసినప్పుడు దాని బలం తగ్గిపోతుంది. పిండి పిండి ఉతికే ఇళ్ళలో ఆరునెలలకు కుట్ల దగ్గర జారిపోతుంది.

రంగు సంగతి నా ఒంటికి తెలుసు గనక ఈసారి తెల్ల చేతిరుమాలు తడిపి పర్సులో పెట్టుకెళ్ళాను. కుర్తీ లోపలి అంచు మీద గట్టిగా రుద్దితే రుమాలు ఎర్రబడింది. సేల్స్ కుర్రాడు "మొదటి ఉతుకులో కొంచెం పోతుంది మేడమ్, ఉప్పునీళ్ళలో నానబెట్టండి" అన్నాడు. మనందరి ఇళ్ళలోనూ ఈ ఉప్పు వైద్యం ఉంది. అద్దేటప్పుడే సరిగ్గా పట్టని రంగును తర్వాత ఎంత ఉప్పు వేసినా ఆపలేం అమ్మాయిలూ! ఆ కుర్తీ పక్కన పెట్టేశాం.

మా ఇద్దరికీ నవ్వు తెప్పించింది ట్రయల్ రూము. "లోపలికెళ్ళి చెయ్యి పైకెత్తు, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు. తర్వాత బోర్డు మీద రాస్తున్నట్టు తిరుగు. వంగి పిల్లాడి పలక దిద్దు. కింద కూర్చుని లే" అన్నాను. అద్దంలో బొమ్మలా నిలబడి చూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి గదా! మొదటి కుర్తీ చెయ్యి ఎత్తగానే చంకలో "టప్" మంది. రెండోది వంగితే మెడ కిందికి జారింది. మూడోది అన్నిటికీ నిలబడింది గానీ వెలుతురుకు పట్టుకుని వెనక చెయ్యి పెట్టి చూస్తే అయిదు వేళ్ళూ లెక్కపెట్టొచ్చు. నాలుగోది నప్పింది. లేత పసుపు మీద గోధుమరంగు అచ్చు, సుద్దపొడి పడ్డా కనపడదు. నూలు కాస్త కుంచించుకుపోతుంది గనక ఒక సైజు పెద్దదే తీసుకుంది. అలాంటివే మూడు, ఒక్కొక్కటి నాలుగొందలు. వాటన్నిటికీ పనికొచ్చే నూలు చున్నీ ఒకటి నూటయాభై.

ప్యాంట్ల దగ్గర పేచీ వచ్చింది. జేబున్నది కావాలంది పిల్ల. కారణం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బుల్లేవు. తొమ్మిదివేల జీతగత్తెకు అదెంత వరమో వేరే చెప్పాలా! బస్సులు మాత్రం కిటకిట. చిల్లకల్లు దాటేసరికి నిలబడ్డానికి కూడా జాగా ఉండదు. ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి బ్యాగుకి. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫోను, కార్డు జేబులో ఉండాలి. మగవాళ్ళ ప్యాంటుకు నాలుగు జేబులు పెట్టి, ఆడవాళ్ళ ప్యాంటుకు జేబు ఉన్నట్టు కనిపించే ఒక కుట్టు మాత్రం వేసే మహానుభావులెవరో గానీ, వాళ్ళని ఒక్కరోజు మా పల్లెవెలుగు ఎక్కించాలి! జగ్గయ్యపేటలో మేం తిరిగిన మూడు దుకాణాల్లోనూ దొరకలేదు. నచ్చే చీరా దొరకలేదు.

అందుకని మర్నాడు నందిగామ బస్సెక్కాం. సుమారు 30 కిలోమీటర్లు. దారి పొడుగునా పత్తిచేలు. ఇంకొన్నాళ్ళకు తీతలు మొదలవుతాయి. ఒకచోట కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కనిపించారు. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకు తువాలు. మన మెట్ట ఊళ్ళలో ఇది ఎవరూ బ్యానరు కట్టి అమ్మని ఫ్యాషను. పత్తికాయ డొప్పలు చేతులు గీరవు, మిరపకోతలో ఘాటు ఒంటికి తగలదు, ఎండ మాడ్చదు, చెమట చొక్కా పీలుస్తుంది. ఏ డిజైనరూ గీయలేదు దాన్ని, అవసరమే గీసింది. మా వదిన కూడా పాతికేళ్ళుగా ఆ వేషంలోనే కూలికి వెళుతోంది. ఆ చొక్కాలు మాత్రం ఎప్పుడూ మా అన్నయ్య వేసి వేసి వదిలేసినవే. కాలరు చిరిగాక ఆమెకు వస్తాయి.

నందిగామలో పిల్ల తోటి టీచరు చెప్పిన ఒక చిన్న దుకాణానికి వెళ్ళాం. మైకు లేదు, బ్యానరు లేదు. తగ్గింపు పది శాతమే. జేబుల ప్యాంట్లు రెండు దొరికాయి, మూడొందల యాభై చొప్పున. చీరల దగ్గర మంగళగిరి నూలు చీర చూపించారు. చిలకపచ్చ, సన్నని జరీ అంచు, ఒళ్ళంతా సాదా. పవర్‌లూమువి కూడా అదే పేరుతో వస్తున్నాయి గనక అంచు వెలుతురుకు పెట్టి చూశాను. మగ్గం మీద గుడ్డను బిగించి పట్టే చోట అంచు పక్కన సన్నని సూదిపోటు గుర్తులు పడతాయి. ఉన్నాయి. తర్వాత చీర విప్పి మూరలు వేశాను. తగ్గింపు చీరలు కొన్ని పొట్టివి ఉంటాయి, కుచ్చెళ్ళ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చాలదు. ఆరు గజాలంటే పన్నెండు మూరలు, ఐదున్నర మీటర్లు. దుకాణం పెద్దాయన నవ్వి "మా అమ్మగారూ ఇట్టాగే కొలిచేదమ్మా" అన్నారు.

ధర పదకొండొందలు. జాకెట్టు కుట్టుకూలి రెండొందల యాభై, ఫాలు, పికో వంద. ఆ లెక్క కూడా చీర ధరలోనే కలపాలి అమ్మాయిలూ, లేకపోతే చీర బీరువాలోనే ఉండిపోతుంది. వారానికి ఒక సోమవారం చొప్పున ఏడాదిలో నలభైసార్లయినా కడుతుంది. ఒక్కో కట్టుకు ముప్ఫై ఆరు రూపాయలు. ఆ వంకాయరంగు జార్జెట్టు ఒక్క రాత్రికి మూడువేలు!

బిల్లు అడిగి తీసుకున్నాం. చాలా చోట్ల "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు ఉంటుంది. రంగు నచ్చలేదని తిరిగి ఇస్తామంటే వాళ్ళిష్టం. కానీ సరుకులో లోపముంటే ఆ బోర్డు చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవాలి. నా నెమలికంఠం చీరప్పుడు నాకిది తెలియదు. తెలిసినా నా దగ్గర బిల్లేదీ!

లెక్క వేస్తే మొత్తం మూడువేల ఐదొందలు. ఐదొందలు మిగిలాయి. ఇంకో కుర్తీ తీసుకుంటుందేమో అనుకున్నాను. పిల్ల మగవాళ్ళ బట్టల వైపు నడిచింది. నీలం గళ్ళ నూలు చొక్కా, పొడుగు చేతులది, చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. తడి రుమాలు నా పర్సులోంచి తనే లాగి అంచు మీద రుద్దింది. రుమాలు తెల్లగానే ఉంది.

"నాన్నగారికా అమ్మా? సైజెంత?" అడిగారు పెద్దాయన.

"నాన్నకి కాదండీ, అమ్మకి."

ఆయన ఒక్క క్షణం ఆగి, లోపల్నుంచి కొంచెం చిన్న సైజు తెచ్చారు. నాలుగొందల ఎనభై.

ఆ సాయంత్రం వదిన ఆ చొక్కాను అటూ ఇటూ తిప్పి చూసి "కొత్తది పొలానికెందుకే, పిచ్చిదానా!" అని కూతుర్ని తిట్టింది. తిడుతూనే తొడుక్కుంది. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. గుండీలన్నీ ఉన్నాయి. తర్వాత జేబులో చెయ్యి పెట్టి లోతు చూసుకుని, "ఫోను పడుతుందిలే" అంది.